నేరం తేలకముందే ఇరుకు శిక్ష

కొత్త జైలు కట్టాలన్నా, ఉన్నదాన్ని బాగుచేయాలన్నా మన దగ్గర చర్చ సీసీ కెమెరాలతో మొదలై సెల్‌ఫోన్ జామర్లతో ముగుస్తుంది. అవి వద్దని మేమూ అనం. కానీ ఆ గోడల మధ్య ఉండేది ఎవరన్న ఊసే వినబడదు. జాతీయ నేర గణాంకాల సంస్థ 2022 లెక్కల ప్రకారం దేశంలోని జైళ్లలో 4,36,266 మందికి చోటుంటే 5,73,220 మంది ఉన్నారు. వారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలే. నూటికి 75 మందికి పైగా నేరం రుజువు కానివారన్నమాట. ప్లాను మాత్రం అందరికీ శిక్ష పడిపోయినట్టే గీస్తున్నాం.

విశాఖ సంగతే చూద్దాం. నగరం నడిబొడ్డున ఉన్న జైలును శివార్లలోని అడవివరం తరలించి, ఆ స్థలంలో పార్కు కట్టుకున్నాం. ఊరు ఊపిరి పీల్చుకుంది. అడవివరం కారాగారం మాత్రం ఏజెన్సీ గంజాయి కేసులతో కిక్కిరుస్తోంది. సరుకు 20 కిలోలు దాటితే బెయిలు గగనమే. అసలు యజమాని ఎక్కడో ఉంటాడు, కూలికి మూట మోసిన కుర్రాడు రిమాండులో ఏళ్లు గడుపుతాడు. తప్పు చేశాడో లేదో కోర్టు తేలుస్తుంది. ఈలోగా అతను ఎక్కడ పడుకుంటున్నాడన్నది ప్రభుత్వం చూడాల్సిన పని.

కొలతలు లేక కాదు. నమూనా జైలు మాన్యువల్ ప్రకారం బ్యారక్‌లో 20 మందికి మించకూడదు. పడుకోవడానికి తలకు 3.71 చదరపు మీటర్లు, అంటే నవారు మంచం వేస్తే పక్కన కాస్త సందు మిగిలేంత. పగలు ఆరుగురికి, రాత్రి బ్యారక్‌లో పదిమందికి ఒక మరుగుదొడ్డి. కిక్కిరిసిన బ్యారక్‌లో ఒకడు పక్కకు ఒత్తిగిలాలంటే పక్కవాడూ తిరగాలి. మరుగుదొడ్డి పక్క చోటు కొత్తగా వచ్చినవాడిది. గజ్జి, టీబీ చుట్టుముట్టడానికి ఇంకేం కావాలి? మే నెలలో విశాఖ ఉక్క బీచ్ రోడ్డులోనే భరించలేం. రాత్రి తాళం పడ్డాక, శ్లాబు కింద సంగతి చెప్పనక్కర్లేదు. ఎదురెదురు కిటికీలు, ఎత్తైన పైకప్పు, ఆవరణలో చెట్లు ఇక్కడ సోకులు కావు. 2014లో హుద్‌హుద్ తుఫాను చూసిన ఊరు కనుక రేకుల షెడ్లతో సరిపెట్టడమూ కుదరదు.

నార్వేలో 2010లో తెరిచిన హాల్డెన్ జైలు కిటికీలకు ఊచలు లేవు. ఇక్కడ ఆ మాటంటే ‘జైలా, అత్తారిల్లా?’ అని నవ్వుతారు. సరే, నార్వే దాకా ఎందుకు? రాజస్థాన్‌లోని సాంగానేర్‌లో శిక్ష పడ్డవారే కుటుంబంతో ఉంటూ బయట పనికి వెళ్లొస్తున్నారు. మన అనంతపురంలోనూ ఓపెన్ జైలు ఉంది. శిక్ష పడినవాడిని నమ్మగలిగినప్పుడు, పడనివాడికి గాలి ఇవ్వడానికి ఇంత ఆలోచనా?

అన్నిటికంటే నిర్లక్ష్యానికి గురయ్యేది ములాఖత్ హాలు. పాడేరు, చింతపల్లి వైపు నుంచి ఓ తల్లి ఘాట్ రోడ్డు దిగి, బస్సులు మారి అడవివరం చేరేసరికి ఎండ నడినెత్తికొస్తుంది. చేతిలో ఆధార్ జిరాక్సు, కవర్లో రెండు జతల బట్టలు. మన జైళ్లలో చాలాచోట్ల మాట్లాడేది అద్దానికి అటూఇటూ, పక్కవాళ్ల అరుపుల మధ్య. కొడుకు ‘వాయిదా ఎప్పుడు’ అంటే ఆమెకు ‘బాగున్నావా’ అన్నట్టు వినబడుతుంది. నీడ, మంచినీళ్లు, ఆడవాళ్లకు మరుగుదొడ్డి, ఎప్పుడు పిలుస్తారో చెప్పే టోకెన్, న్యాయసేవా సంస్థ లాయరు తలుపు వేసుకుని ఖైదీతో మాట్లాడే గది. వీటికి కోట్లు అక్కర్లేదు. వాయిదాలు వీడియోలో నడుస్తున్న ఈ రోజుల్లో ఆ గది మరీ ముఖ్యం. ఎస్కార్ట్ ఖర్చు మిగిలింది సరే, కోర్టు వరండాలో లాయరుతో ఆడే నాలుగు మాటలూ పోయాయి.

అడవివరంలో ఇకపై ఏ కట్టడం తలపెట్టినా మొదటిది విచారణ ఖైదీల బ్లాకు కావాలి. ప్లాను గీసేముందు ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆర్కిటెక్చర్ విభాగాన్నీ, జైలు వైద్యుడినీ, వార్డర్లనూ ఒక దగ్గర కూర్చోబెట్టాలి. డ్యూటీ చేసే వార్డరు కూడా ఆ ఉక్కలోనే ఎనిమిది గంటలు నిలబడతాడు మరి. ప్రతి బ్యారక్ తలుపు మీద ఎంతమందికి చోటుందో, ఆ రోజు ఎంతమంది ఉన్నారో రాసిపెట్టాలి. జిల్లా జడ్జి తనిఖీకి వచ్చినప్పుడు రిజిస్టరు తెరిపించే పని ఉండదు.