సవరణ: ఆరుబయట ఆటలు, పిల్లల సైటు

రోజూ రెండు గంటలు ఆరుబయట ఆడితే పిల్లల హ్రస్వదృష్టి (దూరంగా ఉన్నవి మసకగా కనిపించే సైటు) తగ్గుతుందని ముందు పోస్టులో ఉన్న వాక్యాన్ని ఇలా చదవండి: పగటి వెలుగులో గడిపితే హ్రస్వదృష్టి మొదలయ్యే అవకాశం తగ్గుతుంది. వచ్చేసిన సైటు మాత్రం వెనక్కి పోదు. అప్పటికే కనుగుడ్డు ముందు నుంచి వెనక్కి సాగిపోయి ఉంటుంది. ఒక్క మిల్లీమీటరు సాగితే చాలు, పవర్ సుమారు 2.5 నుంచి 3 డయాప్టర్లు (అద్దాల పవర్‌ను కొలిచే యూనిట్) మారిపోతుంది.

అందుకే దయచేసి కళ్లజోడు మాన్పించకండి. కావాలని తక్కువ పవర్ అద్దాలు ఇప్పించడమూ వద్దు. దానివల్ల సైటు పెరగడం ఆగదు సరికదా, క్లాసులో బోర్డు మీది అక్షరాలు అలుక్కుపోయి కనిపిస్తాయి.

పెరుగుదలను నెమ్మదింపజేయడానికి తక్కువ మోతాదు అట్రోపిన్ చుక్కలు, అందుకోసమే తయారుచేసిన కళ్లద్దాలు, లెన్సులు ఉన్నాయి. చుక్కలు మాత్రం కంటి డాక్టరు రాస్తేనే వాడాలి.