హార్స్‌పవర్ ఒక్కటే చూస్తే ఎలా?

మాజ్దా సీఎక్స్-9 అనే మూడు వరుసల సీట్ల ఎస్‌యూవీ గురించి మీరు రాసిన వ్యాసంలో, దానికి 227 హార్స్‌పవర్ ఏం సరిపోతుందని కొట్టిపారేశారు. అంత తొందరెందుకండీ? ఆ 2.5 లీటర్ల టర్బో ఇంజిన్ 2000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గరే 420 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం, ఇస్తుంది. మూడు వరుసలూ నిండి ఎత్తు ఎక్కుతున్నా యాక్సిలరేటర్ మీద కాలు కాస్త ఆనిస్తే చాలు, ఇంజిన్ అరవకుండా లాగేస్తుంది. ఆర్‌పీఎం బాగా పైకి వెళ్లాక ఊపు తగ్గే మాట నిజమే. 93 ఆక్టేన్ ప్రీమియం పెట్రోల్ పోస్తే 250 హార్స్‌పవర్ వస్తుంది గానీ, రోజువారీ వాడకానికి ఆ ఖర్చు దండగ.

ఆల్ వీల్ డ్రైవ్ (ఇంజిన్ బలం నాలుగు చక్రాలకూ అందే ఏర్పాటు) ఉంటే వానలో టెన్షనే లేదన్నారు చూడండి, అది మాత్రం ఒప్పుకోను. తడి రోడ్డు మీద బండి కదలడానికి, మలుపులోంచి పట్టుగా బయటపడటానికి అది పనికొస్తుంది. కానీ బ్రేక్ తొక్కినప్పుడు బండిని ఆపాల్సింది టైర్ల పట్టే. టైర్ల సంగతి ఒక్క ముక్కైనా రాయాల్సింది.