పుట్టని ఫైలుకు పద్నాలుగురు మంత్రసానులు

మా అమ్మ లెక్కలో నేను చేసేది పురుళ్ల ఉద్యోగం. ఆవిడ తప్పేమీ లేదు. అర్ధరాత్రి లేచి చెవుల్లో తీగలు దోపుకుని "క్రియేట్ అవలేదా? ఇంకోసారి చూడండి... ఇంకొక్కసారి" అని నేను అరుస్తూంటే పక్కగదిలో పడుకున్న మనిషి ఇంకేమనుకుంటుంది? దసరా వెళ్లిన సోమవారం, అంటే మా విజయనగరంలో పైడితల్లి జాతర ముందు వచ్చే తొలేళ్ల రాత్రి, లేచొచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది.

"ఏట్రా బావు, ఇంకా పుట్నేదా?"

పుట్టలేదమ్మా. ఇది మూడో రాత్రి.

పుట్టాల్సింది ఓ ఫైలు. యునిక్స్ సర్వర్ల మీద జాబ్ షెడ్యూలర్ అని ఒకటుంటుంది. ఏ పని ఏ వేళకి మొదలవ్వాలో చూసుకునే మేస్త్రీ. రాత్రి 1.30కి అది ఓ ప్రోగ్రాముని లేపాలి, ఆ ప్రోగ్రాము గోడౌన్లలో మూటలు మోసే కాంట్రాక్టు కలాసీల జీతాల పట్టీ వేసి ఫైల్లో రాయాలి, పొద్దున్నే ఆ ఫైలు బ్యాంకుకి పోవాలి. అంతే పని. మన మేస్త్రీ మాత్రం శనివారం నుంచి పాడిన పాటే పాడుతున్నాడు. తెలుగులో చెప్పుకుంటే ఇది: "అవుట్‌పుట్ ఫైలును సృష్టించుట సాధ్యపడలేదు. మీ నిర్వాహకుని సంప్రదించండి."

నిర్వాహకుణ్ణి నేనే. నన్ను నేను సంప్రదించాను. నాకూ తెలీదన్నాను.

ఆ వాక్యాన్ని తీరిగ్గా ఇంకోసారి చదవండి. ఏ ఫైలు? చెప్పదు. ఏ డైరెక్టరీలో, అంటే ఏ అరలో పెట్టబోయింది? చెప్పదు. ఎవరి పేరు మీద ప్రయత్నించింది, ఎవరు కాదన్నారు, ఎందుకు కాదన్నారు? ఊహూఁ. "సాధ్యపడలేదు." ఈ క్రియాపదం మనకి కొత్తది కాదు. అర్జీ పట్టుకుని ఏ కార్యాలయానికి వెళ్లినా కిటికీ అవతల నుంచి వినిపించేది ఇదే. కాదన్నవాడు కనబడడు, కారణం కనబడదు, పని మాత్రం అవదు.

పైడితల్లి అమ్మవారు ఏటా జాతరలో పూజారిగారు కూర్చుని ఊరేగే సిరిమానుకి కావలసిన చింతచెట్టు ఎక్కడుందో పూజారిగారికి కలలో కనిపించి చెబుతుందని మా ఊరి నమ్మకం. వెళ్లి చూస్తే చెట్టు అక్కడే ఉంటుంది. కలకి లైసెన్సు ఫీజు లేదు. ఏటేటా లక్షలు పోసి వాడుతున్న సాఫ్ట్‌వేరు మాత్రం, కళ్లు తెరుచుకుని కూర్చున్నవాడికి కూడా డైరెక్టరీ పేరు చెప్పదు!

పోనీ దానికి తెలీదా అంటే, తెలుసు. నా కడుపుమంటంతా అక్కడే. ఏ ప్రోగ్రామైనా ఫైలు తెరవబోయి బోర్లా పడితే సిస్టం గుండెకాయ లాంటి కెర్నల్ ఊరికే గెంటెయ్యదు, చేతిలో ఓ నంబరు పెట్టి పంపిస్తుంది. 2 అంటే నువ్వు చెప్పిన దారే లేదు. 13 అంటే నీకు అనుమతి లేదు. 28 అంటే జాగా లేదు. 30 అంటే ఇక్కడ చదువుకోవడమే, రాయడం కుదరదు. ఇంత శుభ్రంగా మన ఊరి రేషన్ డిపోలో కూడా చెప్పరు. ఆ నంబరు పిడికిట్లో పట్టుకునే షెడ్యూలర్ బయటికొస్తుంది. గుమ్మం దాటేలోపు మింగేస్తుంది. మూతి తుడుచుకుని "సాధ్యపడలేదు" అంటుంది.

మరి నువ్వే సర్వర్లోకి వెళ్లి చూడొచ్చుగా అంటారేమో. నిర్వాహకుణ్ణే గానీ నాకు లాగిన్ లేదు. లాగిన్‌కి శనివారమే అర్జీ పెట్టుకున్నాను. ముగ్గురు ఆమోదించాలి. అందులో ఒకాయన పండక్కి ఊరెళ్లాడు.

అంచేత సోమవారం రాత్రి 2.40కి ఫోనులో మహాసభ పెట్టారు. మొత్తం పద్నాలుగు మంది. ఇంటి నిండా చుట్టాలు, కాలు పెట్టే సందు లేదు గనక నేను డాబా ఎక్కాను. కింద వీధిలో డప్పులు, పులివేషాలు. మా మేనేజరు, ఆయన మేనేజరు, ఆ పైన ఎవరో ఒక పెద్దాయన. ఆయన పేరు తెర మీద వెలుగుతోంది గానీ మాట లేదు. నెట్‌వర్కు అబ్బాయి లైన్లోకి వస్తూనే "మా వైపు నుంచి అంతా బాగుందండీ" అన్నాడు. ఎవరూ అడగలేదు. డేటాబేస్ ఆవిడా అదే అంది. ఇలా పదిమంది తమతమ వైపులు బాగున్నట్టు ప్రకటించుకున్నాక, బాగులేనిది నా వైపు ఒక్కటే మిగిలింది.

"సర్వర్ రీస్టార్ట్ చేశారా?"

"రెండుసార్లు చేశారు సార్."

"మూడోసారి?"

ఈలోగా ఎవరిదో గురక. "ఎవరో మ్యూట్ చేసుకోవాలి, దయచేసి" అన్నాడు మేనేజరు. గురక ఆగలేదు. కాస్త కఠినంగా మళ్లీ అన్నాడు. తెర మీద ఆ గురకకి తగ్గట్టు ఎవరి పేరు వెలిగి ఆరుతోందో అందరం ఒకేసారి చూశాం. పెద్దాయనది. తర్వాత గురక గురించి ఎవరూ మాట్లాడలేదు. మిగతా చర్చంతా దాని మీదుగానే, అది తగ్గినప్పుడు మాట్లాడి హెచ్చినప్పుడు ఆగి, భక్తిశ్రద్ధలతో జరిపించాం.

"ఫైలు సంగతి తర్వాత. లెక్కలైతే అయ్యాయి కదా?" అన్నాడు మేనేజరు. అవలేదు సార్. కమాండ్లు అందుకుని నడిపే షెల్ ముందు అవుట్‌పుట్ ఫైలు తెరుస్తుంది, ఆ తర్వాతే ప్రోగ్రాముని పిలుస్తుంది. ఫైలే తెరుచుకోలేదు గనక ప్రోగ్రాముకి ఇవాళ డ్యూటీ ఉన్నట్టే తెలీదు. "క్రాన్‌ట్యాబ్‌లో పర్సంటు గుర్తుందేమో చూడండి" అన్నారెవరో. క్రాన్ అంటే యునిక్స్‌తోనే వచ్చే పాతకాపు మేస్త్రీ, క్రాన్‌ట్యాబ్ దాని పనుల పట్టీ. ఆ రోగం నిజంగానే ఉంది. ఫైలు పేరులో తేదీ వచ్చేలా రాసి, పర్సంటు ముందు వెనక్కి వాలిన గీత పెట్టకపోతే లైను అక్కడికక్కడే తెగుతుంది. ఈ వృత్తిలో ప్రతివాడూ ఓ రాత్రి దానికి బలి కావలసిందే, నా రాత్రి ఎప్పుడో అయిపోయింది. కానీ ఈ జాబు క్రాన్‌ది కాదు సార్, షెడ్యూలర్‌ది.

అప్పుడు రానే వచ్చింది, నేను ఎదురుచూస్తున్న మంత్రం. "సీహెచ్‌మోడ్ 777 కొట్టి పడేయండి!"

తెలీనివాళ్ల కోసం చెబుతున్నాను. సీహెచ్‌మోడ్ అనుమతులు మార్చే కమాండు, 777 అంటే దారినపోయే దానయ్య కూడా వచ్చి చదవచ్చు, రాయచ్చు, నడిపించచ్చు. తాళం తిరగలేదని తలుపు ఊడబీకి పెరట్లో పారెయ్యడం. అదీ జీతాల పట్టీ ఉండే డైరెక్టరీకి. అనుమతి సమస్యో కాదో ఇంకా తేలనేలేదు, ఆరుగురు మాత్రం "అవునవును, 777" అన్నారు. ఆ ఆరుగురి చేతికీ ఇంటి తాళంచెవి ఇవ్వకండి.

3.10కి లాగిన్ వచ్చింది. ఊరెళ్లినాయన పండగ మధ్యలో ఫోను చూసుకున్నట్టున్నాడు. లోపలికెళ్లి ఆ డైరెక్టరీలో ఉత్త ఖాళీ ఫైలొకటి పెట్టబోయాను. సమాధానం ఒక్క సెకనులో వచ్చింది. డిస్కులో జాగా లేదు. 28! మూడు రాత్రుల దేవరహస్యం అదీ. డిస్కు ఎంత నిండిందో చెప్పే డీఎఫ్ కమాండు కొడితే 38 శాతమే నిండింది. "62 శాతం ఖాళీ పెట్టుకుని జాగా లేదంటావేంటయ్యా?" అని నన్ను గదమాయించారు. డీఎఫ్ పక్కన మైనస్ ఐ చేర్చి కొట్టాను. ఐనోడ్లు 100 శాతం.

ఐనోడంటే, ఫైల్లో ఒక్క అక్షరమున్నా సరే, దానికి ఉండాల్సిన చీటీ. ఈ చీటీలెన్నో డిస్కు ఫార్మాట్ చేసిననాడే తేల్చేస్తారు. మా డిస్కు వాడే ఎక్స్‌టీ4 పద్ధతిలో మామూలుగా 16 కిలోబైట్లకి ఒకటి. మాది 16 జీబీ విభాగం, అంటే 10,48,576 చీటీలు. గోడౌను ఖాళీగానే ఉంది, రసీదు పుస్తకం అయిపోయింది, అందుకని ధాన్యం దించుకోం. మన జిల్లా రైతుకి దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు. పద్నాలుగు మంది ఇంజినీర్లకి నలభై నిమిషాలు పట్టింది.

ఇక చీటీలు తిన్నదెవరో వినండి. ఏడాది కిందట ఎవరో ఓ డైరెక్టరీ పేరు మార్చారు. దాన్ని నమ్ముకుని నిమిషానికోసారి నడిచే క్రాన్ లైనొకటుంది, దాన్ని మరిచిపోయారు. అది ప్రతి నిమిషం లేచి, తన లాగ్ ఫైలు తెరవబోయి, "డైరెక్టరీ లేదు, ఫైలు సృష్టించలేకపోయాను" అని మొత్తుకుంటుంది. ఆ మొర క్రాన్ ఉత్తరంలో పెట్టి, మెయిళ్లు పంపే సెండ్‌మెయిల్ చేతికిస్తుంది. ఆ సర్వర్లో సెండ్‌మెయిల్ సేవ ఆపేసి ఉంది. ఉత్తరం వెళ్లదు, స్పూల్ అనే నిల్వ అరలోని సంచిలో పడుంటుంది. ఉత్తరానికి రెండు ఫైళ్లు, పైచిరునామా ఒకటి, లోపలి మాట ఒకటి. రోజుకి 1440 ఉత్తరాలు, 2880 ఫైళ్లు. లెక్క వేసుకోండి, 364 రోజులకి చీటీలు చెల్లు. ఫైలు పెట్టలేకపోతున్నానని ఒకడు పెట్టిన అర్జీలతోనే గది నిండిపోయి, ఇంకొకడికి ఫైలు పెట్టే చోటు లేకుండా పోయింది. ఒక్క అర్జీ ఎవరూ చదవలేదు. ఆ సంచిలో ఏముందో చూపించమంటే ఎల్ఎస్ కమాండు గుడ్లు తేలేసింది. చెరపమంటే జాబితా మరీ పొడుగని ఆర్ఎం మొరాయించింది. ఫైండ్‌తో తుడుచుకుంటూ పోతే 4.50కి దారి దొరికింది.

కిందకి దిగేసరికి అమ్మ పొయ్యి దగ్గరుంది. పుట్టిందన్నాను. "ఆడపిల్లా, మగపిల్లాడా?" అంది.

సిరిమాను మంగళవారం. బ్యాంకు వేళలు దాటుకుని కలాసీలకి డబ్బులు పడింది బుధవారం. మా వీధి చివర ఉండే కలాసీ ఒకాయన, పిల్ల గౌనుకి బట్టలకొట్లో అప్పు పెట్టి వస్తూ నన్ను ఆపి, "ఏటి బాబూ, మీ కంప్యూటరుకి పండగ తెల్దా?" అన్నాడు. కోపంగా అన్లేదు. కోపంగా అన్నా బాగుండేది.

వారం తిరిగేసరికి మూలకారణ నివేదిక వచ్చింది. మూలకారణం: మానవ తప్పిదం, పర్యవేక్షణ లోపం. ఆ మానవుడెవరో తెలుసా? బొబ్బిలి నుంచి వచ్చిన కుర్రాడు, రాత్రి షిఫ్టులో తెర చూస్తూ కూర్చునే కాంట్రాక్టు ఉద్యోగి. ఆ కుర్రాడు పదకొండు వారాల ముందే టికెట్, అంటే ఫిర్యాదు పెట్టాడు. ఐనోడ్లు 79 శాతం, రోజుకి పావు శాతం పైనే పెరుగుతున్నాయి, దసరాకి నిండిపోతాయని లెక్కగట్టి మరీ రాశాడు. లెక్క తప్పలేదు. ఆ టికెట్ కింద "డిస్కు ఖాళీగా ఉంది, చర్య అవసరం లేదు" అని రాసి మూసేసిన చెయ్యి, నివేదికలో "మానవ తప్పిదం" అని రాసిన చెయ్యి ఒకటే! సిగ్గుండాలి. అంకె చెప్పినవాణ్ణి మింగేసి, మూతి తుడుచుకుని, "సాధ్యపడలేదు" అన్నారు. కుర్రాడి కాంట్రాక్టు ఆ నెలాఖరుకి ఆగిపోయింది. గురకపెట్టినాయన సంతకం నివేదిక అడుగున ఉంది, చాలా అందమైన సంతకం.

క్రాన్‌ట్యాబ్‌లో ఆ లైను ఇంకా ఉంది. తీసెయ్యడానికి మార్పు అర్జీ పెట్టాను, ముగ్గురు ఆమోదించాలి. ఈ పేరా రాసేలోపు సంచిలో ఇంకో పది ఫైళ్లు చేరే ఉంటాయి.