బడికి రాని పిల్లాడి గురించి ఎవరు అడుగుతున్నారు?

తప్పిపోయిన పిల్లల్ని, పనుల్లో మగ్గుతున్న పిల్లల్ని వెతికి విడిపించే పోలీసు తనిఖీలు ఆపరేషన్ స్మైల్, ముస్కాన్‌లతో పిల్లల అక్రమ రవాణా తగ్గుతుందని ఈమధ్య చదివిన ఒక వ్యాసంలో రాశారు. జనవరిలో, జూలైలో జరిగే ఆ తనిఖీలు కావాల్సినవే. మరి మిగతా పది నెలల సంగతేంటి? 2015 జనవరిలో హైదరాబాద్ పాతబస్తీ గాజుల కార్ఖానాల్లో 200 మందికి పైగా పిల్లలు దొరికారు. ఎక్కువమంది బిహార్ వాళ్లే. ఆ గల్లీల్లో పాలవాళ్లు, కిరాణా కొట్టువాళ్లు, ఇంటి ఓనర్లు అందరూ ఉన్నారు కదా!

మా వీధి టీ కొట్టుకు ఒక పిల్లాడు వచ్చేవాడు. పదేళ్లుంటాయేమో. గ్లాసు పట్టుకుంటే వేళ్ల కొసలన్నీ లక్క కాలిన బొబ్బలు. "ఏ ఊరు బాబూ?" అంటే జవాబు చెప్పకుండా వెనకున్న పెద్దమనిషి వైపు చూశాడు. నేను డబ్బులిచ్చి వచ్చేశాను. పిల్లల సాయం కోసం ఉన్న హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయొచ్చని అప్పుడు నాకు తెలియదు. ఆ చూపు ఇప్పటికీ మర్చిపోలేను.

మన పల్లెల్లోనూ అంతే. దళారీ అంటే ఎవరో కొత్తవాడు కాదు, చాలాసార్లు తెలిసినవాడే. అడ్వాన్సు చేతిలో పెట్టి, పట్నంలో మంచి పని అంటాడు. పొదుపు సంఘాల మీటింగుల్లో అప్పుల లెక్కలతోపాటు ఈ సంగతీ మాట్లాడాలి. వారం రోజులుగా బడికి రాని పిల్ల ఎక్కడుందో టీచరు ఇంటికెళ్లి మరీ అడగాలి.