గళ్ళ కాగితం గారికి ఒక మనవి

మహారాజశ్రీ ఆమ్స్లర్ గళ్ళ కాగితం గారికి,

నిన్న మధ్యాహ్నమంతా కంటి ఆసుపత్రి వరండాకు ధారపోసి వచ్చాను. చుక్కలు వేశారు, కంటిపాప విప్పారలేదని మళ్ళీ వేశారు, నా పేరు పిలిచేసరికి పొద్దు వాలింది. ఆ వరండాల సంగతి తెలియనివారెవరు? నా గొడవ మీతో. నాది మాక్యులర్ డీజనరేషన్, అంటే కంటి వెనక తెర అయిన రెటీనా నడిమి భాగం పాడయ్యే జబ్బు. అది ముదిరితే మీ గీతలు వంకరగా కనిపించి ఇంట్లోనే తెలిసిపోతుందని మిమ్మల్ని నమ్ముకున్నాను.

నిన్న ఉదయం కూడా తమ దర్శనం చేసుకున్నాను. యథాప్రకారం ఫ్రిజ్ తలుపు మీద కొలువై ఉన్నారు. చదివే అద్దాలు పెట్టుకుని, అడుగు దూరంలో నిలబడి, ఎడమ కన్ను అరచేత్తో మూసి, మధ్య చుక్క మీద చూపు నిలిపాను. పది సెంటీమీటర్ల చదరం, 400 గళ్ళు. ఒక్క గీతా వంగలేదు. ఎప్పుడో పోపు చింది పడిన పసుపు మరక కూడా తన మూలన తాను బుద్ధిగా ఉంది. అంతా క్షేమమని తమరు సెలవిచ్చారు. సాయంత్రం రెటీనా పొరలను చూపించే ఓసీటీ స్కాన్‌లో అదే కుడి కంటి రెటీనా కింద నీరు చేరిందని డాక్టరమ్మ చూపించారు. ఇన్నాళ్ళూ నా జబ్బు పొడి రకం, ఇప్పుడు దారితప్పి పెరిగిన రక్తనాళాల నుంచి నీరు కారే తడి రకమట.

ఇదేమిటండీ? తమకు అప్పగించిన పని ఇదొక్కటే కదా! స్విట్జర్లాండ్ కంటి వైద్యుడు మార్క్ ఆమ్స్లర్ 1940ల్లో తమకు రూపమిచ్చినప్పటి నుంచీ వేరే ఉద్యోగం చేసింది లేదు.

అడిగితే డాక్టరమ్మ కారణం చెప్పారు. మధ్యలో కాస్త గీత కనిపించకుండా పోతే, మెదడు చుట్టుపక్కల గీతలను చూసి ఆ ఖాళీని తానే పూడ్చేస్తుందట. అంటే ఇన్ని ఉదయాలూ నేను చూసి మురిసినవి మీ గీతలే అనుకోవడానికి లేదు, కొన్ని నా బుర్ర గీసుకున్నవి! పరీక్ష పెట్టేది మీరు, జవాబు రాసేది నా మెదడు, మార్కులు వేసుకునేదీ అదే. ఆ బాగోతాన్ని చూస్తూ నోరు మెదపని పర్యవేక్షకులు తమరు. పైగా తమ నియమం ఒకటి: చూపు చుక్క మీదే ఉండాలి. ఈ జబ్బు మొదట మింగేదే నడిమధ్య చూపు. కనిపించని చుక్కను గుడ్లప్పగించి చూడాలా?

చుట్టాలు ఇంకో రకం. "శుక్లాలేగా, ఆపరేషన్ చేయించేసుకో" అంటారొకరు. పొన్నగంటి కూర కట్టలు పంపుతారొకరు. లూటీన్, జియాజాంతిన్ మాత్రలు వేసుకుంటూనే ఉన్నాను. అవి జబ్బు నడకను తగ్గించగలవేమో గాని పోయిన చూపును తేలేవు. ఆ మాట ధర చెప్పేటప్పుడు మందుల దుకాణంలో ఎవరూ అనరు.

ఇక సూదులు. నెలకొకటి చొప్పున ముందు మూడు. మత్తు చుక్కలు, మండే అయోడిన్, ఆపైన తెల్లగుడ్డులోకి సూది. 2004లో పెద్దపేగు క్యాన్సర్‌కు అనుమతి పొందిన బెవాసిజుమాబ్ అనే మందు ఇకమీదట నా కంట్లో దిగి, ఆ దారితప్పిన రక్తనాళాలతో తలపడుతుంది. నా రెటీనాలోకి నీరు ఊరుతుంటే నువ్వు మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు తలుపుకు అతుక్కుని ఉన్నావు! ఒక్క గీతనైనా, ఒక్క పూటైనా వంచలేకపోయావా? తలుపు దగ్గర కాపలా ఉంచితే దొంగ లోపలికి వచ్చి కాళ్ళు బారజాపుకున్నాక కూడా "అంతా క్షేమం" అంటావా?

చింపి పారేద్దామని చెయ్యి ఎత్తాను కూడా. మా ఆవిడ పట్టుకుంది. "స్కాన్ మిషను వంటింట్లో పెట్టుకుంటారా?" అని అడిగింది. నిజమే, ఒక స్కాన్‌కూ ఇంకో స్కాన్‌కూ నడుమ ఇంట్లో దిక్కు నువ్వే. ఒక కంట్లో తడి రకం వచ్చినవాళ్ళకు రెండో కంటికీ ముప్పు ఎక్కువేనని డాక్టరమ్మ మరీ మరీ చెప్పారు. కాబట్టి ఉండు. ఎడమ కన్ను దగ్గరైనా నిజం చెప్పి చావు.

ఇట్లు,
రేపు ఉదయం కూడా కన్ను మూసుకుని నీ ఎదుట నిలబడబోయే
గతిలేని మనిషి