పుట్టిన సంవత్సరం దగ్గర ఆగిపోయే అప్లికేషన్లు

పీహెచ్‌డీ అప్లికేషన్‌లో పేరు, డిగ్రీలు, ఈమెయిల్ గబగబా నింపేస్తాం. పుట్టిన తేదీ దగ్గరికొచ్చేసరికి ఫోన్‌లో సంవత్సరాల జాబితా ఈ ఏడాదితో మొదలవుతుంది. బొటనవేలితో పైకి తోస్తూనే ఉండాలి. 2005 పోయింది, 2000 పోయింది, 1990 కూడా పోయింది, మన సంవత్సరం ఇంకా రాలేదు. ఎవరూ ఒక్క మాట అనలేదు, అయినా మొహం వేడెక్కుతుంది. రేపు చూద్దాంలే అని పేజీ మూసేస్తాం. ఆ రేపు కొందరికి వచ్చే ఏడాదికి, కొందరికి ఆ పై ఏడాదికి వాయిదా పడుతుంది.

విచిత్రమేమిటంటే ఈ టెన్షన్ నలభై దాటినవాళ్లకే పరిమితం కాదు. 27 ఏళ్లవాళ్లు కూడా ‘నాకు లేటైపోయింది’ అంటారు. జాన్ గుడెనఫ్ సంగతే చూడండి. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో పనిచేసి, 1946లో ఫిజిక్స్ చదవడానికి షికాగో యూనివర్సిటీకి వెళ్లాడు. ఫిజిక్స్‌లో చెప్పుకోదగ్గ పని చేసినవాళ్లంతా నీ వయసుకే చేసేశారు, నువ్వు ఇప్పుడు మొదలుపెడతావా అన్నాడట అక్కడి ప్రొఫెసర్ ఒకాయన. అప్పటికి గుడెనఫ్‌కి పాతికేళ్లు కూడా నిండలేదు! ఈ రోజు మన జేబుల్లో ఉన్న లిథియం బ్యాటరీలకు దారి వేసిన పని ఆయన 1980లో, అరవైకి దగ్గరపడుతూ చేశాడు. 97 ఏళ్ల వయసులో, 2019లో, నోబెల్ అందుకున్నాడు.

ఇలాంటి కథలు చెప్పి ఊరుకోవడం నాకు ఇష్టం ఉండదు. ఒక గుడెనఫ్ వెనక పేరు బయటికి రానివాళ్లు ఎందరుంటారో లెక్కలేదు. కాబట్టి లెక్కలే చూద్దాం. బెంజమిన్ జోన్స్, బ్రూస్ వైన్‌బర్గ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఫిజిక్స్, కెమిస్ట్రీ, వైద్యంలో నోబెల్ గ్రహీతలు తమ గొప్ప పని ఏ వయసులో చేశారో లెక్కగట్టి 2011లో ప్రచురించారు. 1905కి ముందు దాదాపు మూడింట రెండు వంతుల మంది నలభై లోపే ఆ పని చేశారు. 2000 నాటికి వచ్చేసరికి ముప్ఫై లోపు చేసినవాళ్లు దాదాపు కనపడరు. నేర్చుకోవాల్సిన పాత విజ్ఞానమే కొండలా పెరిగిపోవడం ఇందుకు ఒక కారణమంటారు. 2016లో రాబర్టా సినాత్రా, బరబాషి బృందం వేల మంది శాస్త్రవేత్తల పేపర్లు పరిశీలించి ఇంకో ఆసక్తికరమైన సంగతి చెప్పింది. ఒక మనిషి రాసిన పేపర్లలో అన్నిటికన్నా పేరు తెచ్చేది మొదటిది కావచ్చు, మధ్యలోది కావచ్చు, చివరిదైనా కావచ్చు. కుర్రతనంలోనే ఎక్కువ హిట్లు వస్తున్నట్టు కనిపించడానికి కారణం ఆ వయసులో ఎక్కువ పేపర్లు రాయడమే.

మరి భయమంతా ఉత్తదేనా? అలా అనలేను. మెదడు సంగతి పక్కనపెడితే, అకడమిక్ ఉద్యోగాల లోకానికి దాని గడియారాలు దానికి ఉన్నాయి. గణితంలో నోబెల్ అంతటి పేరున్న ఫీల్డ్స్ మెడల్‌కి నలభై ఏళ్ల గీత ఉంది. ఫెర్మా చివరి సిద్ధాంతాన్ని నిరూపించిన ఆండ్రూ వైల్స్ అంతటివాడు కూడా ఆ గీత దాటిపోయాడని 1998లో మెడల్‌కి బదులు వెండి ఫలకం ఇచ్చారు. ఇలాంటి చోట్ల వయసు నిజంగానే లెక్కలోకి వస్తుంది.

అయితే చాలాచోట్ల గడియారం వేరు. యూరోపియన్ రీసెర్చ్ కౌన్సిల్ కొత్త పరిశోధకులకిచ్చే స్టార్టింగ్ గ్రాంట్‌కి చూసేది పీహెచ్‌డీ వచ్చి ఎన్నేళ్లయిందన్నది, పుట్టిన తేదీని కాదు. పిల్లలు పుట్టినవాళ్లకు ఆ గడువు పెంచుతారు కూడా. అంటే 44 ఏళ్ల వయసులో డాక్టరేట్ తెచ్చుకున్న మనిషి వాళ్ల కాగితాల మీద కొత్త పరిశోధకుడే. అమెరికాలో నలభై దాటినవాళ్లపై ఉద్యోగాల్లో వివక్ష కూడదని 1967లోనే చట్టం వచ్చింది. చట్టం ఒకటి, సెలక్షన్ కమిటీలో కూర్చున్నవాళ్ల మనసుల్లో ఉండేది ఇంకొకటి. ఈ మనిషి ఎన్నేళ్లు పనికొస్తాడు, మన మాట వింటాడా అని వాళ్లు అనుకోరని నేను హామీ ఇవ్వలేను.

అసలు బరువు ఇంకోచోట ఉంది. పీహెచ్‌డీ అయ్యాక వచ్చేవి తరచూ ఏడాది, రెండేళ్ల పోస్ట్‌డాక్ కాంట్రాక్టులు. ఒక ఊళ్లో సామాను సర్దుకునేలోగా ఇంకో ఊరు. పాతికేళ్లప్పుడు రెండు సూట్‌కేసులతో అయిపోయే పని, నలభై దాటాక స్కూలుకెళ్లే పిల్లలతో, ఇంటి అప్పుతో, మంచాన ఉన్న తల్లిదండ్రులతో చేయాలి. ‘నా వయసుకి ఇది కుదురుతుందా’ అని అడిగేవాళ్లలో చాలామంది నిజంగా అడగాల్సింది ‘ఐదారేళ్లు ఆదాయం తగ్గితే ఇల్లు ఎలా నడుస్తుంది’ అని. మొదటి ప్రశ్నకు ఎవరి దగ్గరా జవాబు లేదు. రెండోదానికి కాగితం, పెన్ను చాలు. పర్మనెంట్ పోస్టులు తక్కువ, పోటీపడేవాళ్లు ఎక్కువ అన్న బాధ ఎలాగూ అన్ని వయసులవాళ్లదీ.

ఇక ఆత్మవిశ్వాసం. పదిహేనేళ్లు ఉద్యోగం చేసి ల్యాబ్‌లో చేరిన మనిషిని ఊహించుకోండి. నిన్నటిదాకా పదిమంది ఆమెను అడిగి పనులు చేసేవారు. ఇవాళ పక్క కుర్చీలోని పాతికేళ్ల అబ్బాయి డేటా ఎలా శుభ్రం చేయాలో చూపిస్తున్నాడు. మూడోసారీ అర్థం కాలేదు. నాలుగోసారి అడగాలంటే నోరు రావడం లేదు, ఈ వయసులో ఇది కూడా తెలియదా అనుకుంటాడేమోనని. ఆ అబ్బాయికీ రెండు నెలల కిందట ఇది రాదు, కానీ వాడు నాలుగుసార్లు అడిగేశాడు. ఇద్దరి మధ్యా ఉన్న తేడా అంతే. తమ విజయాన్ని తామే నమ్మలేక, ఎప్పుడో దొరికిపోతామని భయపడే ఈ తత్వానికి 1978లో పాలీన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే సైకాలజిస్టులు ‘ఇంపోస్టర్ ఫినామినన్’ అని పేరు పెట్టారు. వాళ్లు చూసినవాళ్లంతా బాగా రాణించిన మహిళలే.

ధైర్యం వచ్చాక మొదలుపెడదాం అనుకోవడంలోనే చిక్కుంది. మనిషికి తన మీద నమ్మకం ఎక్కడినుంచి వస్తుందని ఆలోచించిన సైకాలజిస్ట్ ఆల్బర్ట్ బందూరా, అన్నిటికన్నా బలమైన మూలం స్వయంగా ఒక పని చేసి నెగ్గడమే అన్నాడు. ఇతరుల ప్రోత్సాహం దాని తర్వాతే. అందుకే ఐదేళ్ల ప్రోగ్రాంకి తల ఊపే ముందు ఐదు పేజీలు రాసి చూడమంటాను. మీ ఉద్యోగంలో ఏళ్ల తరబడి మిమ్మల్ని సతాయించిన ప్రశ్న ఒకటి తీసుకోండి. దాని మీద ఇప్పటికే వచ్చిన పది పేపర్లు చదివి, ఎక్కడ ఖాళీ ఉందో రాయండి. రాత్రి పదింటికి పిల్లలు పడుకున్నాక ఆ పని మీద ఆసక్తి మిగిలిందో లేదో నెల రోజుల్లో తెలిసిపోతుంది. వార్డులో, క్లాసురూంలో, ఫ్యాక్టరీలో పనిచేసి వచ్చినవాళ్లకు ఏ ప్రశ్న అడగాలో తెలిసి ఉంటుంది. కుర్ర స్టూడెంట్లకు మొదటి రెండేళ్లు దాన్ని వెతుక్కోవడానికే సరిపోతాయి.

ఆ తర్వాత గైడ్‌ని కలిసినప్పుడు వయసు ప్రస్తావన మీరుగా తేకండి. మీ దగ్గర చేరినవాళ్లలో ఎంతమంది పూర్తి చేశారు, సగటున ఎన్నేళ్లు పట్టింది, వాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారు అని అడగండి. వీటికి నీళ్లు నమిలే గైడ్ దగ్గర పాతికేళ్లవాళ్లు కూడా చేరకపోవడమే మంచిది.