మహారాజశ్రీ నడుము బెల్టు గారి సముఖమునకు

నమస్కరించి వ్రాయునది. మీరు బీరువాలో పట్టుచీరల పక్కన క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ నేను నేల మీద వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, పిరుదులను పైకెత్తి, అయిదు లెక్కపెట్టేవరకు దించకుండా ఉండే పనిలో ఉన్నాను కనుక నా క్షేమసమాచారం తరువాత మనవి చేసుకుంటాను.

మూడేళ్ల కిందట ఒక ఆదివారం గ్యాస్ సిలిండరును జరపబోయి నడుము పట్టేసినప్పుడు, మందుల దుకాణంలో కొక్కేనికి వేలాడుతున్న మిమ్మల్ని ఎవరి సలహా లేకుండానే ఇంటికి తెచ్చుకున్నాను. మా నాయనమ్మ తన వడ్డాణాన్ని పెళ్లిళ్లకు మాత్రమే పెట్టుకునేది. నేను మిమ్మల్ని ఆఫీసుకు, కూరగాయల బజారుకు, చివరికి సత్యనారాయణ వ్రతం పీటల మీదకు కూడా పెట్టుకుని వెళ్లాను. నమస్కారం చేయడానికి వంగినప్పుడు మీ వెల్‌క్రో చర్రుమని విడిపోగా, పురోహితులు మంత్రం ఆపి నా పట్టుపంచె వంక అనుమానంగా చూడడం మీకు గుర్తుండే ఉంటుంది.

ఇంత అన్యోన్యమైన మన కాపురంలో నిప్పులు పోసింది ఒక ఫిజియోథెరపిస్టు. నన్ను ‘అంకుల్’ అని పిలవడం మొదటి దెబ్బ. తరువాత ఆ అమ్మాయి నన్ను బల్ల అంచున పడుకోబెట్టి, ఒక మోకాలిని రొమ్ముకు హత్తుకోమంది. అప్పుడు రెండో తొడ బల్లకు ఆని ఉండాలట. నాది గాలిలోనే నిలిచిపోయింది. హ్యూ ఓవెన్ థామస్ అనే పంతొమ్మిదో శతాబ్దపు వైద్యుడి పేరుతో నేటికీ చేసే ఈ పరీక్షలో నేను కాలు కదపకుండానే తప్పాను. నడుము వెన్నుపూసల దగ్గర మొదలై, కటి (తుంటి ఎముకల గూడు) ముందు భాగం మీదుగా దిగి తొడ ఎముకను పట్టుకునే సోయాస్ అనే కండరం, రోజుకు తొమ్మిది గంటలు కుర్చీలో మడతపడి ఉండి, ఇక సాగేది లేదని మొండికేసిందని ఆమె తేల్చింది.

ఈ వ్యవహారాన్ని వ్లాదిమిర్ యాండా అనే చెక్ వైద్యుడు ఎప్పుడో ఇంటూ గుర్తులో చూపించారట. మనిషిని పక్కనుంచి చూస్తే, ఒక గీత మీద బిగుసుకున్న తుంటి ముందరి కండరాలు, నడుము వెనక కండరాలు ఉంటాయి. రెండో గీత మీద బలహీనపడిన పొట్ట, పిరుదులు ఉంటాయి. ఆ లాగుడుకు కటి ముందుకు వాలి, నడుము లోపలికి వంగుతుంది. ఇది వినగానే నాకు మా ఆఫీసు కళ్లముందు మెదిలింది. అక్కడా నలుగురి పని ఇద్దరే చేస్తారు, మిగిలిన ఇద్దరు రిజిస్టరులో సంతకం పెట్టి నిద్రపోతారు, ఫిర్యాదు మాత్రం పనిచేసే ఇద్దరి నుంచే వస్తుంది. ఆ పరిస్థితిలో ఔట్‌సోర్సింగ్ మీద వచ్చినవారు తమరు. నా పొట్టను మీరే బలహీనపరిచారని నింద వేయను. మీరు వచ్చేనాటికే అది నిద్రలో ఉంది. మీరు చేసిందల్లా దుప్పటి కప్పడమే. (కటి ముందుకు వాలిన వారందరికీ నొప్పి రాదనీ, ఏ నొప్పీ లేనివారిలోనూ ఆ వాలు కనిపిస్తుందనీ కూడా ఆమె చెప్పింది. అంటే నాలాగే వాలిన మా పక్కింటాయనకు ఏమీ కాలేదు.)

దీర్ఘకాలిక నడుము నొప్పి గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో వెలువరించిన మార్గదర్శకాలు వ్యాయామాన్ని సిఫారసు చేసి, బెల్టులను సాధారణంగా వాడవద్దన్న సంగతి మీకు బీరువాలో తెలిసి ఉండదు. అదే పత్రం నొప్పికి పెట్టే అల్ట్రాసౌండు చికిత్సనూ వద్దన్నది కనుక మీరు ఒంటరివారని బాధపడనక్కరలేదు. ఎముక విరిగినప్పుడో, శస్త్రచికిత్స తరువాతో వైద్యులు పిలిస్తే వెళ్లండి. సిలిండరు జరిపిన ప్రతివాడికీ చుట్టుకోకండి.

మీ స్థానంలో నాకు దొరికింది ఒక కాగితం. ఒక మోకాలు నేలకు మోపి, రెండో పాదం ముందుకు వేసి, పిరుదు బిగించి, తుంటిని ముందుకు నెట్టే భంగిమ అందులో మొదటిది. క్యాలెండరులో బాణం వేసే అర్జునుణ్ణి తలచుకుని మొదలుపెడతాను కానీ, లేవడానికి సోఫా చెయ్యి కావాలి. రెండోదానిలో చేతులు, మోకాళ్ల మీద నిలబడి, కుడిచేయి, ఎడమకాలు ఒకేసారి చాచాలి. మా మనవడు దీన్ని గుర్రం ఆటగా భావించి వీపెక్కడంతో చికిత్సలో కొత్త బరువు చేరింది. మీరు రెండు నిమిషాల్లో ఇచ్చిన హాయిని ఈ కాగితం ఎనిమిదో వారంలో, అదీ మెట్లు దిగేటప్పుడు మాత్రమే, లెక్కచూసి ఇచ్చింది. అయినా ఆ రోజు మెట్లు దిగి, ఊరికే మళ్లీ ఎక్కి వచ్చాను.

మా బావగారికి మొన్న విజయవాడలో నడుము పట్టేసి, మిమ్మల్ని పంపమని ఫోను చేశారు. మీతోపాటు కాగితం నకలు కూడా మడిచి పెడుతున్నాను. ఆయన మిమ్మల్ని వెంటనే కట్టుకుంటారు, కాగితంతో కళ్లజోడు తుడుచుకుంటారు.

ఇట్లు,
తమ మాజీ ఆశ్రితుడు